బిగించిన చోటే బీట

జనవరిలో ఒక ఆదివారం పొద్దున్నే నేనూ మా బావమరిదీ మా క్యాంపర్‌ను నిలిపి ఉంచే యార్డుకి వెళ్లాం. డాలస్ నగరానికి ఉత్తరాన ఉంటుందది. ముందురోజు రాత్రి చలి మైనస్ 5 డిగ్రీలకు దిగింది. వాడు బండి చుట్టూ ఒక తిరుగు తిరిగి, కుడివైపు చక్రాల దగ్గర గొంతుక్కూర్చుని కేకేశాడు: “బావా, ఎవడో గుద్దేసి పోయాడు. ఇటు రా.”

ఎవరూ గుద్దలేదు. చక్రాల చుట్టూ రాలిన ఓక్ ఆకులు రాలినట్టే ఉన్నాయి. ఎక్కడా గీత లేదు, సొట్ట లేదు. కానీ చక్రాల చుట్టూ ఉండే తెల్ల ప్లాస్టిక్ రేకు ముందు చివరన పగిలింది. దాన్ని ఇక్కడివాళ్లు ఫెండర్ స్కర్ట్ అంటారు. చిట్టచివరి స్క్రూ ఉన్న రంధ్రం నుంచి ఒక పగులు పై అంచుదాకా పోయింది, ఇంకొకటి కిందికి నాలుగు అంగుళాలు దిగింది. రెండూ నిలువుగానే. వెనక చివరన పగులు లేదు గానీ, అక్కడి స్క్రూ వేలితో తిప్పితే తిరుగుతోంది. రేకు కొస గోడను వదిలి అరంగుళం పైకి లేచింది. నడుమ ఉన్న పది స్క్రూలు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

ఆ రేకు పాతదేం కాదు. అంతకు ముందు ఆగస్టులో, మిట్టమధ్యాహ్నం ఎండలో, నా చేతులతో నేనే బిగించాను. 12 స్క్రూలు, ఒక్కొక్కటీ ఇక తిరగనని మొరాయించేదాకా.

“వదులైనదానికి ఒక సైజు పెద్ద స్క్రూ వేద్దాం. పగులుకి ఎపాక్సీ పూసేద్దాం. అరగంట పని, బావా” అన్నాడు మావాడు.

చాలామంది చేసేది అదే. మళ్లీ చలికాలం వచ్చేసరికి ఎపాక్సీ పక్కనుంచి కొత్త పగులు బయల్దేరుతుంది. ఎవరూ ముట్టకుండా అది ఎలా పగిలింది, ఒక చివర పగిలితే ఇంకో చివర వదులెందుకైంది, నడుమ భాగం ఎలా బతికిపోయింది? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. ఆ జవాబు తెలియకుండా డ్రిల్లు పట్టుకోవడం దండగ.

చక్రాల మీద తెల్ల రేకు

క్యాంపర్ అంటే పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు. పడక, పొయ్యి, స్నానాల గది అన్నీ అందులోనే. అమెరికాలో తయారయ్యేవాటిలో అత్యధికం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ పరిసరాల్లోనే తయారవుతాయి. లాగే బండికి బరువు కాకూడదు కాబట్టి అన్నీ తేలికగా చేస్తారు. మా దాంట్లో గోడ అంటే సన్నని చెక్క చట్రం, పైన పలచని అల్యూమినియం రేకు, అంతే.

గోడలో చక్రాల కోసం కోసిన ఖాళీ అంచులు చూడ్డానికి మొరటుగా ఉంటాయి, నీళ్లు లోపలికి కొడతాయి. ఆ అంచులను కప్పడానికే స్కర్ట్. రెండు ఇరుసుల బండికి అది దాదాపు ఆరడుగుల పొడవుంటుంది, మందం ఇంచుమించు 3 మిల్లీమీటర్లు. ఎక్కువ వాటిని ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. రేకును మెత్తబడేదాకా వేడిచేసి, అచ్చు మీద పరిచి, కిందనుంచి గాలి లాగేస్తే అది అచ్చుకు అంటుకుపోతుంది. చపాతీ పిండిని బోర్లించిన గిన్నె మీద సాగదీస్తే అంచు తిరిగే చోట పలచబడినట్టు, రేకు కూడా వంపుల దగ్గర పలచబడుతుంది. ఇది గుర్తుంచుకోండి, అతుకు వేసేటప్పుడు పనికొస్తుంది.

ఆగస్టు నుంచి జనవరికి 8 మిల్లీమీటర్లు

పాత రైలు పట్టాల మధ్య ఖాళీలు ఎందుకు వదిలేవారో బళ్లో చదువుకున్నాం. ఎండకు ఉక్కు సాగుతుంది, చోటు లేకపోతే పట్టా వంగిపోతుంది. అప్పుడు మన పుస్తకాలు చెప్పని సంగతి ఒకటుంది. ఏబీఎస్ ప్లాస్టిక్ అదే వేడికి ఉక్కు కన్నా దాదాపు ఏడు రెట్లు ఎక్కువ సాగుతుంది. అల్యూమినియంతో పోల్చినా మూడు రెట్ల పైమాటే.

కారణం లోపలి అల్లికలో ఉంది. లోహంలో పరమాణువులు నాలుగు వైపులా గట్టిగా పట్టుకుని ఉంటాయి. ప్లాస్టిక్‌లో పొడవాటి దారాల్లాంటి అణువులు ఉంటాయి. దారం పొడవునా బంధం గట్టిదే, కానీ దారానికీ దారానికీ మధ్య పట్టు చాలా తక్కువ. వేడెక్కితే ప్రతి దారమూ అటూ ఇటూ కదలాడి పక్కదాన్ని నెడుతుంది. తిరణాలలో ఒత్తుగా నిలబడ్డ జనం ఒక్కసారి చేతులు ఊపితే గుంపు పరుచుకోదూ, అలాగన్నమాట.

ఇప్పుడు మా స్కర్ట్ లెక్క చూద్దాం. ఆగస్టు మధ్యాహ్నం ఎండలో రేకు 50 డిగ్రీల దాకా వేడెక్కి, సాగి ఉంది. ఆ స్థితిలోనే బిగించాను. జనవరి రాత్రి మైనస్ 5. తేడా 55 డిగ్రీలు. ఆరడుగుల ఏబీఎస్ రేకు ఆ తేడాకు దాదాపు 8 మిల్లీమీటర్లు కుంచించుకుపోవాలి. దాని వెనకున్న అల్యూమినియం 2 మిల్లీమీటర్ల పైచిలుకు కుంచించుకుంటుంది, చెక్క చట్రం ఇంకా తక్కువ. అంటే కనీసం ఐదున్నర మిల్లీమీటర్ల తేడాను 12 స్క్రూలు కదలకుండా పట్టుకుని ఆపాయి. చలి పెరిగేకొద్దీ ఆ రేకు బిగబట్టిన డప్పు తోలులా తయారైంది. తెల్లవారుజామున ఎవరూ లేని యార్డులో అది ‘టప్’మని పగిలి ఉంటుంది.

వేసవిలో కాకుండా చలిలో బిగిస్తే బతికేదా అంటే, అదీ లేదు. అప్పుడు ఎండాకాలంలో చోటు చాలక రేకు ఉబ్బెత్తుగా పొంగి, స్క్రూల మధ్య అలల్లా లేస్తుంది. వారాల తరబడి అలా నలిగిన ప్లాస్టిక్ మెల్లగా ఆ ఆకారానికే సర్దుకుపోతుంది, దాని కొలత తగ్గిపోతుంది. తర్వాత చలి వచ్చినప్పుడు మళ్లీ లాగుడే. ఏ నెలలో బిగించినా, కదలనివ్వకపోతే కథ అక్కడికే చేరుతుంది.

చివరివాడి మీదే భారం

పన్నెండు మంది ఒకరి చేయి ఒకరు పట్టుకుని వరసగా నిలబడి, అందరూ ఒకేసారి చేతులు ముడుచుకుంటున్నారనుకోండి. నడుమ ఉన్నవాణ్ని ఎడమ పక్కవాడు ఎంత లాగుతాడో కుడి పక్కవాడూ అంతే లాగుతాడు. రెండూ చెల్లుకు చెల్లు. వరస చివర ఉన్నవాడి సంగతి వేరు. వాణ్ని ఒకవైపు నుంచే లాగుతారు, అవతల పట్టుకోవడానికి ఎవరూ లేరు. మొత్తం లాగుడంతా వాడి కాళ్ల కింద నేలే భరించాలి.

స్కర్ట్‌లో జరిగిందీ అదే. నడుమ స్క్రూలకు రెండు పక్కలా సమానమైన లాగుడు. చివరి రెండింటికీ ఒకే పక్క. ముందు చివర స్క్రూ దిగిన చెక్క గట్టిగా ఉంది, కాబట్టి చెక్క లొంగలేదు, ప్లాస్టిక్ పగిలింది. వెనక చివర చెక్కకు ఎప్పుడో నీళ్లు తగిలి మెత్తబడి ఉంది, కాబట్టి అక్కడ ప్లాస్టిక్ నిలిచింది, స్క్రూ చెక్కను నలిపేసి వదులైంది. చూడ్డానికి రెండు వేరు వేరు రిపేర్లు. జబ్బు ఒక్కటే. అందుకే వెనక పెద్ద స్క్రూ వేసి బిగిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. వచ్చే జనవరిలో అక్కడా పగులే.

పగిలిన చివర కూడా అంతటితో ఆగదు. చివరి స్క్రూ చేతులెత్తేశాక దాని పక్కది ‘చివరిది’ అవుతుంది. వదిలేస్తే రేకు ఒక్కో రంధ్రమే విడిచిపెడుతూ పోతుంది. గంటకు 60 మైళ్ల వేగంతో పోయే బండికి ఎదురుగాలి ఆ లేచిన కొస కిందికి దూరితే ఇక చెప్పనక్కర్లేదు.

బట్టల కొట్టులో కత్తెర గాటు

మీరు కొత్త గుడ్డను ఉత్త చేతులతో చింపడానికి ప్రయత్నిస్తే మణికట్లు నొప్పి పుడతాయి. బట్టల కొట్టులో అతను అంచున కత్తెరతో చిటికెడు గాటు పెట్టి, రెండు చేతులా పట్టుకుని లాగుతాడు. ‘చర్ర్’మని చివరిదాకా చిరిగిపోతుంది. గుడ్డ బలం తగ్గలేదు. లాగే బలమంతా గాటు మొన దగ్గరి ఒకటి రెండు పోగుల మీద పడింది. అవి తెగగానే తర్వాతి రెండు పోగుల మీద పడింది.

రంధ్రం ఉన్న రేకును లాగినా ఇదే తంతు. ఏటి నడుమ స్తంభం అడ్డొస్తే నీళ్లు దాని పక్కల ఇరుకై వడివడిగా పోయినట్టు, లాగుడు రంధ్రానికి రెండు పక్కలా గుమిగూడుతుంది. నున్నని గుండ్రటి రంధ్రం అంచున అది 3 రెట్లు అవుతుందని జర్మన్ ఇంజనీరు కిర్ష్ 1898లోనే లెక్కగట్టాడు. రంధ్రం గుండ్రంగా కాక సన్నగా, మొనదేలి ఉంటే ఎన్ని రెట్లవుతుందో 1913లో కేంబ్రిడ్జ్ ఇంజనీరు చార్లెస్ ఇంగ్లిస్ చూపించాడు. మొన ఎంత సూదిలా ఉంటే పెరుగుదల అంత ఎక్కువ. 1921లో ఇంజనీరు గ్రిఫిత్ ఇంకో అడుగు ముందుకేశాడు. గాజు మీద ప్రయోగాలు చేసి, పగులు ఎంత పొడవుంటే దాన్ని ఇంకాస్త పెంచడానికి అంత తక్కువ బలం సరిపోతుందని తేల్చాడు. పగులు తనకు తానే సాయం చేసుకుంటుందన్నమాట. 1954లో కామెట్ జెట్ విమానాలు రెండు మధ్యధరా సముద్రంలో కూలిన తర్వాత జరిగిన దర్యాప్తులోనూ చివరికి తేలింది ఇదే. విమానపు ఒంటికి కోసిన తెరపుల మూలల దగ్గర బలం గుమిగూడి, ఎక్కి దిగిన ప్రతిసారీ కాస్త కాస్త అలసి లోహం చీలిపోయింది.

మా స్కర్ట్‌కి ఈ లెక్క వర్తింపజేశాను. పూర్తిగా కదలకుండా ఆపిన రేకులో పుట్టే లాగుడు ఏబీఎస్ తట్టుకోగలిగే బలంలో ఇంచుమించు ఆరో వంతు. భయపడాల్సిందేం లేదనిపిస్తుంది. రంధ్రం అంచున మూడింతలు చేస్తే సగానికి వస్తుంది. నేను ఆగస్టులో మొద్దుబారిన బిట్‌తో వేసిన రంధ్రం అంచు గరుకుగా ఉంది. ఆ ప్రతి గరుకూ ఒక చిన్న కత్తెర గాటు. దానికి తోడు తల కింద వాలుగా ఉండే స్క్రూలు వాడాను. అవి బిగించేకొద్దీ మేకులా రంధ్రాన్ని బయటికి నెడతాయి. రాత్రీ పగలూ, ఎండా చలీ, దారి కుదుపులూ కలిసి ఆ అంచును వేలసార్లు లాగి వదిలాయి. సగం బలమైనా వేలసార్లు పడితే ప్లాస్టిక్ ఓర్చుకోదు.

---

బాక్స్: ఏబీఎస్ లోపల రబ్బరు గుళికలు

ఏబీఎస్ అంటే ఆక్రిలోనైట్రైల్, బ్యూటాడయీన్, స్టైరీన్ మూడూ కలిసినది. 1954 నుంచి మార్కెట్లో ఉంది. 1963 నుంచి లెగో ఇటుకలను దీనితోనే చేస్తున్నారు. మొదటిదీ మూడోదీ కలిసి గట్టిగా, నున్నగా ఉండే ప్లాస్టిక్ అవుతాయి. కానీ అది ఒక్కటే ఉంటే పెళుసు. అందులో బ్యూటాడయీన్ రబ్బరు గుళికలు చల్లినట్టు ఉంటాయి. ఒక్కోటి తలవెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. పగులు బయల్దేరి వెళ్లి రబ్బరు గుళికను తాకితే దాని మొన మొద్దుబారి, బలం చుట్టుపక్కలకు చెదిరిపోతుంది. వేరుశనగ అచ్చును విరిచినప్పుడు విరుగుడు పప్పు దగ్గర ఆగి పక్కకు తిరుగుతుంది చూడండి, ఇంచుమించు అలాంటిదే. ఏబీఎస్‌ను వంచితే విరిగే ముందు తెల్లబడుతుంది. లక్షల సంఖ్యలో పుట్టిన సూక్ష్మమైన నెర్రెలు వెలుగును చెదరగొట్టడం వల్ల ఆ తెలుపు.

---

ఎండ ఆ రబ్బరునే తింటుంది

ఏబీఎస్‌కు ప్రాణం పోసే ఆ రబ్బరే దాని బలహీనత కూడా. బ్యూటాడయీన్ అణువులో కార్బన్ల మధ్య మిగిలి ఉండే జంట బంధాలు ఎండలోని అతినీలలోహిత కిరణాలకూ, గాలిలోని ఆక్సిజన్‌కూ తేలిగ్గా దొరికిపోతాయి. రబ్బరు సాగే గుణం కోల్పోయి గట్టిపడుతుంది. పాత కంప్యూటర్ డబ్బాలు పసుపుపచ్చగా మారడం మనందరం చూశాం. ఆ మార్పులోనూ ఇలాంటి రసాయన చర్యలదే పెద్ద పాత్ర.

ఎండ లోతుకు పోలేదు. పై పొర మాత్రమే చెడుతుంది, కింద ప్లాస్టిక్ పదిలంగానే ఉంటుంది. మరి అంత పలచని పొరతో నష్టమేమిటి? నన్నడిగితే ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఆసక్తికరమైనది ఇదే. పెళుసెక్కిన పై పొర చిన్న వంపుకే చిట్లుతుంది. ఆ చిట్లు గొప్ప వేగంతో, సూదిలాంటి మొనతో కింది గట్టి ప్లాస్టిక్‌లోకి దూసుకొస్తుంది. కింది పొర దృష్టిలో అది బయటినుంచి ఎవరో బ్లేడుతో పెట్టిన గాటు లాంటిది. చెడింది చర్మమే అయినా, ఒళ్లంతా పగిలిపోతుంది. అరిజోనాలోని ఫీనిక్స్‌లో 2023 వేసవిలో వరసగా 31 రోజులు ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటింది. అలాంటి చోట ఏళ్ల తరబడి నిలిపిన బండ్ల స్కర్ట్‌లు వేలితో రాస్తే సున్నంలా పొడి రాలుతాయి. ఆ దశకు వచ్చినదానికి రిపేరు చేయకండి. కొత్తది తెచ్చుకోవడమే మేలు.

అందుకే మంచి రకం రేకుల్లో ఏబీఎస్ పైన ఆక్రిలిక్ పొర పరుస్తారు, లేదా బ్యూటాడయీన్ స్థానంలో జంట బంధాలు లేని ఆక్రిలిక్ రబ్బరు పెట్టిన ఏఎస్ఏ అనే ప్లాస్టిక్ వాడతారు.

పగులు మొనను మొద్దుచేయాలి

ఇక పని. మొట్టమొదట పగులు ఎక్కడిదాకా పోయిందో చూడాలి. తెల్ల రేకులో పగులు కొస కంటికి ఆనదు. స్కర్ట్ విప్పి వెనకనుంచి టార్చి వెలుగు పట్టించాను. మామూలు కంటికి నాలుగు అంగుళాలున్న పగులు, వెలుగులో ఇంకో పావు అంగుళం పొడవు తేలింది. సన్నటి బూడిదరంగు గీత. ఆ చివర కాస్త అవతల 3 మిల్లీమీటర్ల బిట్‌తో ఒక రంధ్రం వేశాను.

“పగిలినదానికి మళ్లీ బొక్కేంటి బావా?” అన్నాడు మావాడు. అడగాల్సిన ప్రశ్నే. పగులు మొన సూదికన్నా సన్నం. దాని దగ్గర బలం ఎన్నో రెట్లు గుమిగూడుతోంది. అదే మొన వచ్చి గుండ్రటి రంధ్రంలో కలిసిపోతే, ఇక మిగిలేది గుండ్రటి అంచే. అక్కడా బలం గుమిగూడుతుంది గానీ, సూదిమొన దగ్గరంత కాదు. కత్తెర గాటు చివర చిన్న గుండ్రటి బొక్క ఉంటే ఆ గుడ్డ అంత సులువుగా చిరగదు. ఓడల మరమ్మతులో, విమానాల మరమ్మతులో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి ఇది. రంధ్రం పగులు కొసకు ఇవతల పడితే మాత్రం పని దండగ. మొన అవతలే ఉండి తన దారిన తాను పోతుంది.

వేశాక ఆ రంధ్రం అంచును సన్న ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాలి.

---

బాక్స్: మీది ఏ ప్లాస్టిక్?

జిగురు కొనే ముందు ఇది తేల్చుకోవాలి. స్కర్ట్ వెనకవైపు చాలాసార్లు ఏబీఎస్ అని అచ్చువేసి ఉంటుంది. లేకపోతే వెనక అంచునుంచి గోరంత ముక్క చెక్కి నీళ్లలో వేయండి. ఏబీఎస్ మునుగుతుంది. పాలిఎథిలీన్, పాలిప్రొపిలీన్ తేలతాయి. రెండో పరీక్ష: వెనక కనిపించని చోట దూదితో ఒక చుక్క అసిటోన్ అద్దండి. ఏబీఎస్ అయితే వేలికి అతుక్కునేలా జిగటపడుతుంది. పాలిఎథిలీన్ జాతికి ఏమీ కాదు. వాటికి ద్రావకం పనిచేయదు, మామూలు జిగురూ పట్టదు. వేడితో కరిగించి అతకాల్సిందే, లేదా పగులుకి రెండు పక్కలా రంధ్రాలు చేసి తీగతో కుట్టాలి. మన ఊళ్లలో వీధులెంట తిరుగుతూ, పగిలిన ప్లాస్టిక్ బకెట్లకూ బిందెలకూ కాల్చిన ఇనుప చువ్వతో అతుకులు వేసేవాళ్లు చేసింది సరిగ్గా ఆ పనే. అదే జాతి ప్లాస్టిక్ ముక్కను కరిగించి అతకాలని వాళ్లకు అనుభవం మీద తెలుసు. స్కర్ట్ ఫైబర్ గ్లాసుదైతే ఇవేవీ కాదు, దానికి రెజిన్, గ్లాసు గుడ్డ వాడాలి.

---

కరిగించి కలపడం

మామూలు జిగురు రెండు తలాలను పట్టుకుని వేలాడుతుంది. ఏబీఎస్‌కు అంతకన్నా మంచి దారి ఉంది. ఉడికించిన సేమ్యా రెండు ముద్దలను పక్కపక్కన పెడితే విడివిడిగానే ఉంటాయి. కాసిని పాలు పోసి కలిపితే పోగులు ఒకదాంట్లోకి ఒకటి చొరబడి చిక్కుపడతాయి. పాలు ఇగిరాక ఏది ఏ ముద్దో చెప్పలేం. ఏబీఎస్‌కు ఆ పాలు అసిటోన్. దారాల్లాంటి అణువులను అది వదులు చేసి ఈతకొట్టనిస్తుంది. పగులుకి ఇటువైపు దారాలు అటు, అటువైపువి ఇటు చొచ్చుకుపోతాయి. అసిటోన్ ఆవిరయ్యాక అక్కడ అతుకంటూ ఉండదు, అంతా ఒకే రేకు.

నేను చేసిన తీరు చెబుతాను. స్కర్ట్ వెనక మడతలోంచి కత్తిరించిన తెల్ల ఏబీఎస్ తునకలను గాజు సీసాలో వేసి, మునిగేంత అసిటోన్ పోసి, మూత బిగించి రాత్రంతా ఉంచాను. పొద్దుటికి దోసెల పిండిలా జారుగా తయారైంది. తునకలు దొరక్కపోతే త్రీడీ ప్రింటర్లకు వాడే ఏబీఎస్ తీగ బాగా పనికొస్తుంది. క్యాంపర్ల మురుగు గొట్టాలు కూడా నల్ల ఏబీఎస్‌వే. వాటికి వాడే సిమెంటు ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతుంది. రంగు నలుపు కాబట్టి వెనకవైపుకు చాలు.

పగులు పొడవునా పైనుంచి ఉప్పుకాగితం మడతతో సన్నని గాడి తీశాను. పలచటి పూతలు నాలుగు, ఒక్కోదానికీ మధ్య ఓపిగ్గా ఆరనిచ్చాను. ఇక్కడ తొందర పనికిరాదు. ఒకేసారి మందంగా పూస్తే పైన పెచ్చుకట్టి లోపల అసిటోన్ చిక్కుకుపోతుంది, వారం తర్వాత కూడా లోపల మెత్తగానే ఉంటుంది. పైగా అసిటోన్ పోయేకొద్దీ పూత కుంచించుకుంటుంది, కాబట్టి కాస్త ఎత్తుగా పూసి, రెండు రోజులాగి రుద్ది సమం చేయాలి.

అసలు బలం వెనకవైపు నుంచి వస్తుంది. వంపుల దగ్గర రేకు పలచన అని చెప్పాను గదా, అక్కడ పైపూతలు మాత్రమే చాలవు. గోడల లప్పం పనిలో అతుకుల మీద పరిచే గ్లాసు నార జాలీ పట్టీని, వెనకవైపు గరుకు చేసిన ఉపరితలం మీద పరిచి, ఆ పిండి దట్టించాను. పగులుకి రెండు పక్కలా రెండేసి అంగుళాలు పోయేలా పెట్టాను. అంచులు ఒక్కసారిగా ఆగకుండా చివరికి పలచబడేలా పూశాను. అతుకు అంచు మెట్టులా ఉంటే బలం మళ్లీ ఆ మెట్టు దగ్గర గుమిగూడి, కొత్త పగులు అక్కడే పుడుతుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం పాటించండి. అసిటోన్ ఆవిరి మైనస్ 20 డిగ్రీల చలిలో కూడా నిప్పు దొరికితే భగ్గుమంటుంది. ఆరుబయట చేయండి, దగ్గర్లో పొయ్యి, సిగరెట్ వద్దు, చేతులకు తొడుగులు ఉండాలి. ఇంకొకటి, బండికి బిగించి ఉన్న స్కర్ట్ మీద ఎన్నడూ అసిటోన్ పూయకండి. లాగుడులో ఉన్న ఏబీఎస్‌కు అసిటోన్ తగిలితే దారాలు వదులై, కళ్లముందే కొత్త పగుళ్లు విచ్చుకుంటాయి. విప్పి, బల్ల మీద వదులుగా పెట్టి మాత్రమే ఈ పని.

వదులు విడిచి బిగించడం

ఎంత బాగా అతికినా, పాత పద్ధతిలో 12 స్క్రూలూ బిగిస్తే మళ్లీ జనవరికి మొదటికొస్తుంది. అందుకని ఇక్కడే ఎక్కువ సమయం పెట్టాను.

స్కర్ట్ సరిగ్గా మధ్యలో ఉన్న రెండు రంధ్రాలనూ స్క్రూకు సరిపడా ఉంచాను. అక్కడే రేకు గోడను గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే మొత్తం అటూ ఇటూ జారిపోతుంది. మధ్యనుంచి చివరలకు పోయేకొద్దీ కదలిక పెరుగుతుంది కాబట్టి రంధ్రాలనూ క్రమంగా అడ్డంగా పొడిగించాను. చిట్టచివరివి 4 మిల్లీమీటర్ల స్క్రూకు 11 మిల్లీమీటర్ల పొడవున్న గాడులయ్యాయి. మొత్తం ఐదున్నర మిల్లీమీటర్ల తేడా రెండు చివరలకూ పంచుకుంటే ఒక్కో చివర దాదాపు 3. స్క్రూకు అటు మూడు, ఇటు మూడు చోటుంటే ఏ కాలంలో బిగించినా సరిపోతుంది. గాడుల కొనలు గుండ్రంగా ఉండాలి. ఎందుకో ఇప్పుడు మీకు చెప్పక్కర్లేదు.

గాడి కనబడకుండా పైన వెడల్పాటి వాషరు కావాలి. అమెరికాలో ఆ రకం వాషరుకు పేరే ఫెండర్ వాషర్. కార్ల మడ్‌గార్డుల్లాంటి పలచని రేకులు చిరగకుండా బరువును వెడల్పుగా పంచడానికి పుట్టిన పేరది. దాని కింద రబ్బరు బిళ్ల కూడా ఉంటే మరీ మంచిది. మన రేకుల షెడ్ల కప్పుల మీద హుక్కుల కింద రబ్బరు వాషర్లు వేస్తారు చూడండి, అదే పని. తల కింద వాలుగా ఉండే స్క్రూలు పక్కన పడేసి, చదును తలవి తీసుకున్నాను. వాషరు రేకును తాకేదాకా తిప్పి, పావు చుట్టు వెనక్కి వదిలాను.

“ఇంకొక్క చుట్టు బిగించు బావా, ఊగుతోంది” అన్నాడు వాడు.

“ఊగాలిరా. ఊగడానికే ఇంత కష్టపడ్డాం.”

ఇక్కడి ఇళ్ల గోడలకు బయట వేసే వినైల్ పట్టీలను కూడా ఇలాగే తగిలిస్తారు. పొడవాటి గాడి మధ్యలో మేకు కొడతారు, తల పూర్తిగా ఆనకుండా వదిలేస్తారు. ఆ పని చేసేవాళ్లకు ఈ సంగతి కొట్టిన పిండి. క్యాంపర్ స్కర్ట్ దగ్గరికొచ్చేసరికి మనమంతా ఎందుకో మరిచిపోతాం.

వెనక చివర మెత్తబడిన చెక్క సంగతి వేరు. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే దిగిపోతే ఆ ముక్క తీసేసి కొత్తది వేయాలి. మాది అంత దూరం పోలేదు. రంధ్రం వెడల్పయింది, అంతే. ఆరనిచ్చి, జిగురు పూసిన చెక్క బిరడా బిగించి, మర్నాడు అందులో కొత్త రంధ్రం వేశాను. ఆ చెక్క ఎలా తడిసిందంటే, పాత స్క్రూ రంధ్రంలోంచే. గోడకు పెట్టే ప్రతి స్క్రూ నీటికి ఒక తలుపే. అందుకే ప్రతి రంధ్రం చుట్టూ, స్కర్ట్ పై అంచు వెనకా బ్యూటైల్ పట్టీ పెట్టాను. అది ఏళ్ల తరబడి గట్టిపడదు, బబుల్ గమ్‌లా సాగుతుంది. రేకు కదిలితే తానూ కదులుతుంది, పట్టు వదలదు. కింది అంచుకు మాత్రం ఏమీ పూయకూడదు, చేరిన నీళ్లు దిగిపోవడానికి దారి కావాలి. సిలికాన్ వాడకండి. ఒకసారి పూస్తే దాని జిడ్డు మీద ఇంకేదీ పట్టదు, తర్వాత రిపేరు చేసేవాళ్లు నానా అవస్థ పడతారు.

టైరు కొట్టిన దెబ్బకు మందు లేదు

పగిలిన ప్రతి స్కర్టూ చలికి పగలదు. లోపలివైపు నల్లటి రాపిడి మచ్చలుంటే తగిలింది టైరు. కమాన్ కట్టల బుష్‌లు అరిగి ఇరుసు పైకి వస్తోందని అర్థం. ముందు అది చూపించుకోవాలి.

టైరు పేలితే ఇక రేకు మిగలదు. గంటకు 65 మైళ్ల వేగంలో తిరిగే టైరు పైపొర మీద, దాన్ని బయటికి విసిరేసే బలం దాని సొంత బరువుకు దాదాపు 240 రెట్లుంటుంది. అరకిలో రబ్బరు పట్టీ ఊడి వేలాడితే, అది 120 కిలోల బరువున్నట్టు సాగి, సెకనుకు పదమూడు సార్లు స్కర్ట్‌ను కొరడాతో కొట్టినట్టు కొడుతుంది. పాత ప్రమాణం ప్రకారం చాలా ట్రైలర్ టైర్లకు గంటకు 65 మైళ్లే హద్దు. దానికి మించి నడపాలంటే అందుకు తగ్గ టైర్లు వేయించుకోవాలి. టైరు పక్కగోడ మీద చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందన్నమాట. ట్రైలర్ టైరు అరిగేలోపే వయసు మీరి చెడుతుంది, గీతలు బాగున్నాయని నమ్మకూడదు.

స్కర్ట్ బిగించడం పూర్తయ్యాక దాని ముందు చివర అంచు పక్కన, అల్యూమినియం గోడ మీద పెన్సిలుతో సన్నగా ఒక గీత గీశాను. అప్పుడు మధ్యాహ్నమైంది, ఎండ 12 డిగ్రీలకు వచ్చింది. జులైలో ఒక మధ్యాహ్నం మళ్లీ యార్డుకి వెళ్లినప్పుడు ఆ గీత కనబడలేదు. స్కర్ట్ దాన్ని దాటి ముందుకు జరిగింది. కొత్త అంచు దగ్గర ఇంకో గీత గీసి, రేకును మెల్లగా పైకెత్తి స్కేలు పెట్టి చూశాను. రెండు గీతల మధ్య దూరం 2 మిల్లీమీటర్లు. వాషరు కింద స్క్రూ గాడి మధ్యనుంచి ఒక పక్కకు జరిగి ఉంది. దానికి అవతల ఇంకా చోటు మిగిలే ఉంది.